దయ్యాల పండుగా, పెద్దల పండుగా?

పోయిన నెల మా చిన్నదాని బడి వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. అక్టోబరు 31న హాలోవీన్ అట. పిల్లలు దయ్యం వేషంలో గానీ మంత్రగత్తె వేషంలో గానీ రావాలి, ఇంటి నుంచి చాక్లెట్లు తెచ్చుకోవాలి, వీలైతే ఒక గుమ్మడికాయ కూడా. ఇక చూడండి, గ్రూపులో ఆ రాత్రంతా పంచాయితీ. “పండుగ పూట పిల్లల్ని దయ్యాలను చేసుడేంది?” అని ఒకామె. “మన పండుగలు చాలయా?” అని ఇంకొకామె. “మాస్కులు ఆన్‌లైన్‌లో రెండు వందలకే వస్తున్నయ్” అని లింకు పెట్టింది మూడో ఆమె. నిర్మల్ అంటేనే బొమ్మలు. పొనికి కర్రతో సీతాఫలం దగ్గర నుంచి చిలుక దాకా చెక్కి రంగులేసేవాళ్ళున్న ఊళ్ళో ఉండి ప్లాస్టిక్ దయ్యం కొనడానికి ఆన్‌లైన్‌లో వెతుకుతున్నాం. అది వేరే సంగతి.

నేను గ్రూపులో ఏమీ అనలేదు. మా చిన్నది ఏడో తరగతి. “మమ్మీ, హాలోవీన్ అంటే అసలు ఏంది?” అని అడిగింది. ఏదో ఒకటి చెప్పి పంపించవచ్చు. కానీ ఈ పిల్ల ఒక పట్టాన వదలదు. అందుకని రెండు రోజులు వంట అయ్యాక కూర్చుని చదివాను. చదివినకొద్దీ, ఇది నాకు తెలిసిన పండుగే కదా అనిపించింది.

ఐర్లాండు, స్కాట్లాండు వైపు పూర్వం కెల్టు జనం ఉండేవాళ్ళు. కోతలు అయిపోయి, గుట్టల మీద మేస్తున్న పశువుల్ని ఇంటికి తోలుకొచ్చి, ఇక చలికాలం మొదలు అనుకునే రోజున వాళ్ళకో పండుగ ఉండేది. దాని పేరు సావిన్. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ నడుమ ఉన్న తలుపు తెరుచుకుంటుందని నమ్మకం. పెద్ద పెద్ద మంటలు వేసేవాళ్ళు. అయితే ఆ జనం తమ గురించి తాము రాసిపెట్టుకోలేదు. ఎన్నో వందల ఏళ్ళ తర్వాత క్రైస్తవ సన్యాసులు రాసినవే మిగిలాయి. కాబట్టి సినిమాల్లో చూపించే నల్ల గుడ్డల పూజలన్నీ నమ్మనక్కర్లేదు.

తర్వాత చర్చి వచ్చింది. 8వ శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు రోములో పునీతులందరి పేరున ఒక ప్రార్థనా మందిరం పెట్టాడు. ఆ తర్వాతి వందేళ్ళలో నాలుగో గ్రెగరీ కాలానికి నవంబరు 1 పునీతులందరి పండుగగా స్థిరపడింది. నవంబరు 2 చనిపోయిన ఆత్మలందరి రోజు. ఇంగ్లీషులో హాలో అంటే పునీతుడు. పునీతుల పండుగ ముందటి సాయంత్రం కాబట్టి హాలోవీన్. అంటే మాటలో దయ్యం లేనే లేదు.

నాకు బాగా పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. ఇంగ్లాండులో ఆ రోజుల్లో పేదవాళ్ళు, పిల్లలు ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. ఇంటావిడ వాళ్ళకు చిన్న తీపి రొట్టె పెట్టేది. దాన్ని ఆత్మ రొట్టె అనేవాళ్ళు. తిన్నవాళ్ళు ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేరున ప్రార్థన చేయాలి. తిండి బతికినవాడి నోట్లోకి, పుణ్యం పోయినవాడి ఖాతాలోకి. ఇది చదివి నేను గట్టిగానే నవ్వాను. మనం పెత్రామాస నాడు చేసేది ఇదే కదా!

మిగతాది త్వరగా చెప్పేస్తాను. ఐర్లాండులో టర్నిప్ గడ్డను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్ళు. 1845లో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు తగిలి పెద్ద కరువు వచ్చింది. లక్షల మంది ఓడలెక్కి అమెరికా పోయారు. అక్కడ గుమ్మడికాయ పెద్దగా, మెత్తగా, తొలవడానికి సులువుగా దొరికింది. టర్నిప్ పోయి గుమ్మడి వచ్చింది. ఇప్పుడున్న చాక్లెట్ల తిరుగుడు ఒక వంద సంవత్సరాల నాటిదే. అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు ఇంకో మాట చెప్పాడు. అక్కడ పిల్లలు ప్రతి గుమ్మం ఎక్కరట. ఇంటి ముందు లైటు వెలుగుతుంటేనే పోతారట. చీకటిగా ఉన్న ఇంటిని దాటేసి పోతారట. ఈ మాట నా మనసులో ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను.

మన దగ్గర భాద్రపదంలో పున్నమి పోయాక వచ్చే పదిహేను రోజులూ పెద్దల రోజులు. చివరి అమావాస్యే మహాలయ అమావాస్య, మన నోట్లో పెత్రామాస. ఎవరు ఏ తిథి నాడు పోయారో తెలిస్తే ఆ తిథికి పెడతారు. తెలియకపోతే అమావాస్య ఉండనే ఉంది, అది అందరిదీ. మా దిక్కు ‘బియ్యం ఇచ్చుడు’ అంటాం. పొద్దున్నే తలస్నానం చేసి, బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, నెయ్యి, బీరకాయ, గోకరకాయ, తోటకూర, ఇంట్లో ఏది పండితే అది విస్తరాకులో పెట్టి, దక్షిణతో అయ్యగారి చేతిలో పెద్దల పేరున పెడతాం. ఇంటికొచ్చి నిప్పుల మీద ఊదు వేసి, వండినదాంట్లో నుంచి ఒక ముద్ద మిద్దె మీద పెట్టి కాకి కోసం చూస్తాం. ఎవరికి ఏది ఇష్టమైతే అది కూడా పెట్టాలి. మా మామయ్యకు కల్లు, ఒక బీడీ కట్ట. మా అత్తమ్మకు సాసరులో చాయ్, కప్పులో పోస్తే తాగేది కాదు. తెలంగాణలో చాలా ఇళ్ళల్లో ఆ రోజు మాంసం తప్పదు. 2024లో పెత్రామాస సరిగ్గా అక్టోబరు 2న పడింది. గాంధీ జయంతి, మాంసం దుకాణాలు బంద్. ముందు రోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నారు, లేనివాళ్ళు పెద్దలకు పప్పుచారుతో సర్దిచెప్పారు. 2025లో దసరా పోయి అదే అక్టోబరు 2న పడింది. రెండేళ్ళు వరుసగా మటన్ కొట్టు మీద ఇంత చర్చ మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

అదే పెత్రామాస సాయంత్రం ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున పెద్దలకు పెట్టిన చేతులతోనే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తాం. తాంబాళంలో ముందు గుమ్మడి ఆకులు పరిచి, దాని మీద తంగేడు, గునుగు, బంతి. పసుపు గౌరమ్మ పక్కన గుమ్మడి పువ్వు నడిమి బొడిపెను కూడా గౌరమ్మ అని పెడతాం. మా చిన్నది ఇక్కడ పట్టుకుంది. “అంటే మనకూ గుమ్మడికాయ పండుగే కదా మమ్మీ, కాకపోతే వాళ్ళు కాయను తీసుకున్నరు, మనం ఆకును, పువ్వును తీసుకున్నం” అంది. వెతికితే ఇంకో తమాషా బయటపడింది. ఈ తీపి గుమ్మడి పుట్టినిల్లు అమెరికా ఖండమే. మనం తట్టలకొద్దీ కొనే బంతిపూలవి మెక్సికో. ఆ మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ళ పండుగ చేస్తారు. ఇంటి గడప నుంచి బంతిపూల రేకులు దారి పొడుగునా చల్లుతారు, పోయినవాళ్ళు ఆ రంగు, ఆ వాసన పట్టుకుని ఇల్లు గుర్తుపట్టి వస్తారని. 2008లో యునెస్కో వాళ్ళు దాన్ని తమ జాబితాలో చేర్చుకున్నారు. మనకు సొంతమైన గుమ్మడి అంటే బూడిద గుమ్మడి. దాన్ని మనం ఏం చేస్తాం? ముఖం గీసి, మీసాలు పెట్టి, కోరలు దిద్ది ఇంటి ముందు వేలాడదీస్తాం, దిష్టి తగలకుండా. గ్రూపులో “గుమ్మడికాయకు దయ్యం ముఖం ఏంది, అసహ్యంగ” అని రాసిన ఆమె ఇంటి ముందు కూడా ఒకటి వేలాడుతోంది. నేను చెప్పలేదు లెండి.

చిన్నప్పుడు నాకు రెండు భయాలుండేవి. మా తల్లిగారి ఊరు ఖానాపూర్ దిక్కు. చుట్టూ గోండు గూడేలు. దీపావళి దగ్గర పడ్డప్పుడు దండారి బృందాలు డప్పులు, గుమ్మెలలు, పెప్రెలు వాయించుకుంటూ ఊరి మీదికి వచ్చేవి. ముందు గుస్సాడీలు. తల మీద గంపంత నెమలి పింఛాల టోపీ, దానికి కొమ్ములు, ఒళ్ళంతా బూడిద, భుజాన తోలు, చేతిలో కర్ర. గజ్జెల చప్పుడు వినిపిస్తే చాలు, నేను మా అమ్మమ్మ చీర వెనక దూరేదాన్ని. వాళ్ళు కావాలనే నా వైపు వచ్చి ఉరిమి చూసేవాళ్ళు, అందరూ నవ్వేవాళ్ళు. అమ్మమ్మ వాళ్ళకు చాటెడు జొన్నలు పోసి, కాళ్ళకు మొక్కి, “దయ్యం కాదే, మొక్కు మోస్తున్నరు. పండుగ అయిందాక స్నానం కూడ చెయ్యరు” అనేది. వాళ్ళు అట్లా ఊరూరూ తిరిగి, గోదారి ఒడ్డున గుడిరేవు దాకా పోయి పద్మల్‌పురి కాకోకు మొక్కుకుంటారని తర్వాత తెలిసింది. గోండి మాటలో కాకో అంటే అమ్మమ్మ. నేను మా అమ్మమ్మ వెనక దాక్కుని భయపడ్డది వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి పోయేవాళ్ళను చూసి! మర్లవాయి కనకరాజుగారికి ఈ గుస్సాడీ ఆటకే 2021లో పద్మశ్రీ వచ్చింది. టీవీలో ఆయన్ని చూపించినప్పుడు మా పిల్లలకు గర్వంగా చెప్పాను, ఈయన వేషానికే నేను ఏడ్చేదాన్ని అని. ఆయన 2024 అక్టోబరులో, ఆ ఏటి దీపావళికి కొద్ది రోజుల ముందే పోయారు.

రెండో భయం నిర్మల్‌ది. మా పెద్దనాన్న వాళ్ళు ఇక్కడ ఉండేవాళ్ళు. సెలవులకు వస్తే పిల్లలందరం చెప్పుకునేది ఒకటే, ఊరి బయటి మర్రి దిక్కు పొద్దుగూకినాక పోవద్దు, అక్కడ వెయ్యి దయ్యాలున్నయ్. వెయ్యే ఎందుకు, తొమ్మిది వందలు ఎందుకు కాదు అని ఎవరం అడగలేదు. చాలా ఏళ్ళకు గానీ నాకు లెక్క తెలియలేదు. రాంజీ గోండు, ఆయనతో కలిసి ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డ గోండులు, రోహిల్లాలు, దక్కనీలు. పట్టుబడ్డాక 1860 ఏప్రిల్ 9న రాంజీని, ఆయనతో పాటు వెయ్యి మందిని ఆ మర్రి కొమ్మలకే ఉరి తీశారని చెప్తారు. వెయ్యి ఉరుల మర్రి అని పేరు అందుకే వచ్చింది. ఆ చెట్టు గాలివానకు కూలిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు రాంజీ గోండు విగ్రహం ఉంది, దండలు వేస్తారు, మా చిన్నదానికి బడిలో ఆయన గురించి చెప్తారు. పిల్లలెవరూ ఆయనకు భయపడరు. పేరు తెలిసింది కాబట్టి ఆయన పెద్దమనిషి అయ్యాడు. మిగిలిన వెయ్యి మందికి పేర్లు లేవు. మా చిన్నతనంలో మాకు దయ్యాలుగా వినిపించింది వాళ్ళే.

హాలోవీన్ గురించి చదువుతుంటే కూడా నాకు అదే అనిపించింది. మొదట అది ఎవరి ఇంటి ముంగిట్లోకి వాళ్ళ సొంతవాళ్ళు వచ్చే రాత్రి. తినడానికి వస్తారు, చలి కాచుకోవడానికి వస్తారు. ఆ వచ్చేవాళ్ళ పేర్లు మర్చిపోయిన కొద్దీ వాళ్ళు తెల్లగుడ్డ కప్పుకున్న దయ్యాలయ్యారు.

ఇప్పుడు ఆ లైటు సంగతి. 2025లో పెత్రామాస సెప్టెంబరు 21న, ఆదివారం. మా అమ్మానాన్నలకు మేమిద్దరం ఆడపిల్లలమే. నాన్న పోయి పదకొండేళ్ళు, అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ మా చిన్నాన్న కొడుకు తన తండ్రితో పాటు మా వాళ్ళకూ బియ్యం ఇచ్చేవాడు. ఈ ఎండాకాలం వాడు కంపెనీ వీసా మీద దుబాయి పోయాడు. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, కొత్తేమీ కాదు. కానీ పదిహేను రోజుల ముందు వాడు ఫోన్ చేసి, “అక్కా, ఈసారి పెద్దలకు ఎట్ల మరి?” అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఊళ్ళో ఇంటికి తాళం. రెండేళ్ళుగా తాళమే. బతుకమ్మకు ఆడపిల్లలు తల్లిగారింటికి పోతారు, నాకు ఇప్పుడు పోవడానికి ఇల్లుంది, తలుపు తీసేవాళ్ళు లేరు. నేను పోకపోతే పోయాను. వాళ్ళు? అమావాస్య పూట వాళ్ళు వస్తారనేది నిజమే అయితే, వచ్చి ఆ తాళం చూసుకుని తిరిగి పోవాలా? ఇవన్నీ నమ్ముతావా అని అడగకండి. మిద్దె మీద ముద్ద పెట్టి కాకి రాకపోతే మీకు ఎట్లా అనిపిస్తుందో నాకూ అట్లాగే ఉంటుంది.

మా ఆయనతో అన్నాను, నేనే ఇస్తాను అని. ఆయన ఇయ్యి అన్నాడు, ఆయనతో ఎప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా మా ఆడబిడ్డతో. “ఇంటిపేరు మారినంక ఆ ఇంటి పెద్దలకు నువ్వెట్ల ఇస్తవు వదినా? ఇద్దరిండ్ల పెద్దలు ఒక్క గడపల నిలబడితే కొట్లాడుకోరా?” అంది. కోపంతో కాదు, నిజంగానే భయపడింది. ఆమె తమ్ముడి ఇల్లు కదా. శాస్త్రంలో కూతురి కొడుక్కు దారి ఉంది. ఆశ్వయుజ పాడ్యమి నాడు, అంటే బతుకమ్మ రెండో రోజున, మనవడు అమ్మమ్మ తాతలకు పెట్టవచ్చు. కానీ మా అక్కకు పిల్లలు లేరు. నాకు ఇద్దరూ ఆడపిల్లలే. శాస్త్రం తెరిచిన ఆ చిన్న కిటికీ కూడా మా ఇంటి వైపు లేదు.

చివరికి ఇద్దరిండ్ల పెద్దలు కొట్లాడుకోకుండా నాకు తోచిన ఉపాయం, ఎవరి గడపలో వాళ్ళకు. పెద్దది హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతోంది, రాలేదు. చిన్నదాన్ని లేపి, బియ్యం సంచి, కూరగాయలు, నూనె సీసా, కొత్త చీపురు పట్టుకుని తొలి బస్సు ఎక్కాం. తాళం తీసేసరికి లోపల గబ్బిలాల వాసన. మా చిన్నది గడప దగ్గరే ఆగిపోయింది. “దయ్యాల కొంప లెక్కుంది మమ్మీ” అంది. ఊడ్చాం, నీళ్ళు చల్లాం. అమ్మ ఎప్పుడూ పెట్టే గూట్లోనే దీపం పెట్టాను. ఆ గూట్లో మసి ఇంకా అట్లాగే ఉంది, అమ్మ వేలితో తుడిచిన గీతతో సహా. ముందటి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచాం. పక్కింటి ముసలమ్మ వచ్చి చూసి, “వచ్చినవా బిడ్డా” అని, ఇంకేమీ అడగకుండా తన దొడ్లో కాసిన రెండు బీరకాయలు తెచ్చి సంచిలో వేసింది.

గుడి దగ్గర అయ్యగారి ముందు వరస పెద్దదే ఉంది. అందరూ మగవాళ్ళు, వెనక వాళ్ళ భార్యలు. నా వంతు వచ్చాక ఆయన నా వెనక ఎవరన్నా ఉన్నారేమో అని చూశారు. లేరని చూసి, “పేర్లు చెప్పు తల్లీ” అన్నారు, అంతే. నేను పదిహేను రోజులుగా తయారు చేసుకున్న జవాబులన్నీ మిగిలిపోయాయి.

నాన్న పేరు, తాత పేరు, ముత్తాత పేరు గడగడా చెప్పాను. ఇవి పొలం పాసుబుక్కుల్లో, పాత పహాణీల్లో చూసి చూసి కంఠతా వచ్చినవే. అమ్మ పేరు. నాయనమ్మ పేరు. “ఆమె అత్త?” అన్నారు. ఆమెను మా ఇంట్లో అందరూ పెద్దవ్వ అనేవాళ్ళు. పెద్దవ్వ నాటిన చింతచెట్టు, పెద్దవ్వ చేసిన అంబలి కుండ, పెద్దవ్వకు పాము కరిచినా బతికిందట, ఇన్ని కథలు తెలుసు, పేరు తెలియదు. పొలం ఆమె పేర లేదు, ఏ కాగితం మీదా ఆమె లేదు. నాలుగు తరాల ఆడవాళ్ళు వండి పెట్టిన ఇంట్లో, మగవాళ్ళ పేర్లు కాగితాల్లో ఉన్నాయి, ఆడవాళ్ళవి వరసలుగా మిగిలాయి. పెద్దవ్వ, నడిపవ్వ, చిన్నవ్వ. అయ్యగారికి ఇది రోజూ ఉండేదే కాబోలు. “పేరు తెల్వనోళ్ళందరి పేర్న ఒక పిడికెడు ఎక్కువ పెట్టు” అన్నారు. చిన్నది సంచిలో చెయ్యి పెట్టి తన పిడికెడు తీసింది. నన్ను చూసి మెల్లగా, “వెయ్యి ఉరుల మర్రి వాళ్ళక్కూడనా?” అని అడిగింది. పెట్టు అన్నాను. అది రెండు పిడికిళ్ళు పెట్టింది.

మధ్యాహ్నానికి నిర్మల్ వచ్చి మా అత్తమామలకు వండాను. గారెలు కొంచెం మాడాయి గానీ కాకి వచ్చింది, రెండోసారి పిలవకుండానే. ఆడబిడ్డ సాయంత్రం బతుకమ్మ తట్టతో వచ్చి, పూలు సర్దుకుంటూ, “అక్కడ అంత మంచిగ అయ్యిందా వదినా?” అని అడిగింది. అయ్యింది అన్నాను. “మా అమ్మకు చాయ్ సాసర్ల పోసినవా?” పోశాను అన్నాను. ఇద్దరం తట్టలెత్తుకుని నడిచాం.

బస్సులో వచ్చేటప్పుడే చిన్నది అడిగింది, “మమ్మీ, నీకు ఎవరిస్తరు?” అని. నేను నవ్వి, ముందు నన్ను బతకనియ్యి అన్నాను. అది నవ్వలేదు. మరునాడు ఒక పాత నోటుబుక్కు తీసి మా ఇంటి పేర్లన్నీ రాయడం మొదలుపెట్టింది, ఒక వైపు వాళ్ళ నాన్న దిక్కు, ఒక వైపు నా దిక్కు. ఆడవాళ్ళవి ముందు రాస్తానంది, దొరకవు కాబట్టి. మా ఇంటోళ్ళ పేర్లు నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, మీకు తెలుసు. నా దిక్కు ఎనిమిది గళ్ళల్లో మూడు ఖాళీగా ఉండిపోయాయి. మీ ఇంట్లో కూడా ఒకసారి రాసి చూడండి. అమ్మమ్మ వాళ్ళ అమ్మ పేరు దగ్గర ఎంతమంది ఆగిపోతారో!

అక్టోబరు 31న బడికి తెల్ల దుప్పటి కప్పుకునే పోయింది, అందరి లాగే. నేను ఆపలేదు. కళ్ళ కోసం రెండు రంధ్రాలు కత్తిరించమంటే మాత్రం పాత దుప్పటి వెతికి ఇచ్చాను. క్లాసులో టీచరు హాలోవీన్ గురించి ఎవరన్నా చెప్తారా అంటే, ఆత్మ రొట్టె సంగతి, పెత్రామాస సంగతి రెండూ కలిపి చెప్పిందట. పిల్లలంతా తమ తాతకు ఏం పెడతారో చెప్పుకోవడంలో పడ్డారట. ఒకడు తాతకు క్వార్టర్ సీసా పెడతామని చెప్పేసరికి టీచరు ఇక చాలు కూర్చోండి అందట.

ఆ రాత్రే మా నాన్న మేనత్త కూతురికి ఫోన్ చేశాం. ఆమెకు ఎనభై దాటాయి, బోధన్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. చెవులు సరిగా వినబడవు. చిన్నది స్పీకర్లో పెట్టి మూడుసార్లు అరిచి అడిగింది, పెద్దవ్వ పేరేంది అని. కాసేపు అటు వైపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆమె పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, పుట్టింటి ఊరితో సహా. చిన్నది నోటుబుక్కులో రాసుకుంటూ, ఒంటి మీద దుప్పటి ఇంకా తీయకుండానే, ఇంకేం గుర్తున్నయ్ అని అడిగింది. ఫోన్లో ముసలామె నవ్వింది. “ఏం గుర్తుంటది బిడ్డా. నేను ఇంత పోరిని అప్పుడు. మస్తు పిరికిది ముసల్ది. దయ్యాలంటె పానం పోయేది. పొద్దుగూకినంక బాయి కాడికి పోవాల్నంటె కొంగుల ఇనుప మొల ముడేసుకుని పోయేది.”